ఇరవై ఎనిమిది రోజుల నెల

పాలవాడి లెక్క, చాకలి పద్దు, గ్యాస్ బండ ఎన్నాళ్ళొచ్చిందీ — యివన్నీ మనకి వేళ్ళమీద వుంటాయి. చింతపండు కిలోకి పది రూపాయలు పెరిగితే అక్కడికక్కడే నిలదీస్తాం. మరి సెల్‌ఫోను రీచార్జి మాట వచ్చేసరికి, "అదంతా మావాడు చూసుకుంటాడండీ" అని తప్పుకుంటాం. యింట్లో నాలుగు ఫోన్లుంటే యీ ఖర్చు పాల పద్దుకి తీసిపోదు. అంచేత యివాళ దీని సంగతి కాస్త చూద్దాం.

ముందు నెల సంగతి. చాలా ప్యాకులకి గడువు 28 రోజులు. నెల కదా అనుకుంటాం, కాదు. 365 రోజుల్ని 28 చేత భాగించి చూడండి, పదమూడు వస్తుంది. అంటే ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు కడుతున్నామన్నమాట! మాటవరసకి ప్యాకు 300 రూపాయలనుకుంటే, నాలుగు ఫోన్లమీద ఆ పదమూడో నెలకే 1200 రూపాయలు. దీనిమీద ఫిర్యాదులు వచ్చాకే, 30 రోజుల గడువుతో ఒకటీ, ప్రతినెలా ఒకే తేదీకి కట్టుకునేది ఒకటీ కనీసం వుంచి తీరాలని ట్రాయ్ — అదే, టెలిఫోను కంపెనీలమీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ — 2022లో ఆదేశించింది. దుకాణంలో వాటిని వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మనమే అడగాలి.

యిక డేటా అంటే ఏమిటి? ఫోనులోకి వచ్చేదీ, ఫోనులోంచి పోయేదీ కొలిచే కొలత. ఎమ్.బి. సోలెడనుకుంటే జి.బి. బస్తా, సుమారు వెయ్యి ఎమ్.బి.లు ఒక జి.బి. ఉత్తరంలాంటి మెసేజికి చిటికెడు కూడా పట్టదు. పాట వింటే కొంచెం. బస్తాలు ఖాళీ చేసేది వీడియోనే. నెట్‌ఫ్లిక్స్ వారు తామే చెప్పిన లెక్కలో, మామూలు బొమ్మకి గంటకి 1 జి.బి. దాకా, హెచ్.డి. బొమ్మకి 3 జి.బి. దాకా అవుతుంది. రోజుకి ఒకటిన్నర జి.బి. ప్యాకు వేయించుకుని హెచ్.డి.లో సినిమా పెడితే విశ్రాంతి దాకా కూడా రాదు. ఆరంగుళాల తెరమీద ఆ తేడా నా కళ్ళకి ఆనదు, మీ కళ్ళకి ఆనుతుందేమో చూసుకోండి.

మా యింట్లో పనిచేసే అమ్మాయికి ఒకటే ఫోను. పగలు తనదగ్గర, సాయంత్రం కూతురి చదువుకి. పాప పాఠం తెరిచే వేళకి రోజూ డేటా అయిపోయేది. ఆపైన చిన్న ప్యాకు మరొకటి కొనడం. ఒకనాడు యిద్దరం కూర్చుని సెట్టింగుల్లో ఏ యాప్ ఎంత వాడిందో చూశాం. తను చూసినవాటికంటే, తను చూడకుండా దానంతటది నడిచినవే ఎక్కువ! ఒక వీడియో అయ్యాక యింకొకటి, బంధువుల గ్రూపులో శుభోదయాల పువ్వులూ, దేవుళ్ళూ. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్, డేటా అనే చోటికి వెళ్ళి ఫొటోలూ వీడియోలూ వాటంతటవి దిగకుండా ఆపాం. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపి, బొమ్మ నాణ్యత తగ్గించాం. యాప్‌ల కొత్తరూపాలు వైఫై వున్నప్పుడే దిగేటట్టు పెట్టాం. యిప్పుడు పాఠానికి మిగులుతోంది.

డేటా అయిపోతే నెట్టు పూర్తిగా ఆగదు, వేగం పడిపోతుంది. చాలా ప్యాకుల్లో అది 64 కె.బి.పి.ఎస్. ఆ వేగంతో 3 ఎమ్.బి. ఫొటో ఒక్కటి రావడానికి ఆరు నిమిషాలు పైనే. "ఫోను పాడైంది, కొత్తది కొనాలి" అని పిల్లలు గొడవ చేస్తే ముందు యిది చూడండి.

టూజీ, త్రీజీ, ఫోర్‌జీ, ఫైవ్‌జీ — యివి తరాలు. మన దేశంలో త్రీజీ 2008లో ఢిల్లీలో, ఫోర్‌జీ 2012లో కలకత్తాలో మొదలయ్యాయి. ఫైవ్‌జీని 2022 అక్టోబరు 1న ప్రారంభించారు. తరం మారినకొద్దీ గొట్టం లావవుతుంది, ధార పెరుగుతుంది. అయితే ఒక టవరు కింద వున్నవాళ్ళందరిదీ ఒకటే గొట్టం. మునిసిపాలిటీ కొళాయిలాగే, సాయంత్రం అందరూ తిప్పితే సన్నబడుతుంది. ధార పెరిగితే వాడకమూ పెరుగుతుంది సుమండీ! వేగం బాగుంటే వీడియో తనంతట తానే పెద్ద బొమ్మకి మారుతుంది. 2024 జులైలో ధరలు పెంచినప్పుడు పెద్ద కంపెనీలు అపరిమిత ఫైవ్‌జీని రోజుకి 2 జి.బి., ఆపైన వున్న ప్యాకులకే వుంచాయి. మందపాటి గోడల యింట్లో ఫోను ఫోర్‌జీకి జారిపోతే ఆ 2 జి.బి. లెక్క మొదలవుతుంది. అది చూసుకోకుండా "అపరిమితమే కదా" అని ధీమాగా వుండకూడదు.

ఫోనులోని నెట్టుని టీవీకి యిచ్చేవాళ్ళకి ఒక మాట. టీవీ దాన్ని వైఫై అనుకుంటుంది. మనం ఫోనులో పెట్టుకున్న పొదుపు దానికి తెలియదు, పెద్ద బొమ్మే లాగుతుంది. యింట్లో రోజూ టీవీలో సినిమాలు చూసేవాళ్ళయితే బ్రాడ్‌బాండ్ తీగ పెట్టించుకుని, ఫోన్లకి చిన్న ప్యాకులు వేయించుకుంటే ఎంతవుతుందో కాగితంమీద లెక్క వేసి చూడండి. ముగ్గురూ నలుగురూ వున్న యింటికి చాలాచోట్ల అదే చవక.

అసలు డేటా అక్కర్లేనివాళ్ళున్నారు. మా పక్కింటి పిన్నిగారు పింఛనుమీద బ్రతుకుతారు. బటన్ల ఫోను, మాట్లాడ్డమే తప్ప మరేమీ లేదు. ఆవిడచేత ఏళ్ళ తరబడి డేటా ప్యాకులే కొనిపించారు. తినని అన్నానికి డబ్బు కట్టినట్టు! మాటలకీ మెసేజిలకీ మాత్రమే ప్యాకులుండాలని, 365 రోజుల దాకా గడువు యివ్వవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి కంపెనీలు పెట్టాయి. అత్తగార్లకీ, వూళ్ళో వున్న నాన్నగార్లకీ కంపెనీ యాప్‌లో వెతికి అవి వేయించండి.

పిల్లల పురుళ్ళకీ పుణ్యాలకీ అమెరికా వెళ్ళేవాళ్ళు, విమానం ఎక్కేముందే ఫోనులో డేటా రోమింగ్ ఆపండి, పోస్టుపెయిడ్ వాళ్ళు మరీను. రోమింగ్ ప్యాకు లేకుండా అక్కడ నెట్టు తెరిస్తే పడే రేటుకీ, యిక్కడి రేటుకీ పోలికే లేదు. అక్కడ దిగాక అమ్మాయి యింటి వైఫైమీద వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చు. మన నంబరు బతికివుండాలంటే యిక్కడి రీచార్జి గడువు మీరు తిరిగొచ్చేదాకా వుండేలా చూసుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. యిక్కడే వుండి కొన్నాళ్ళు డేటా వద్దనుకుంటే, 1925 నంబరుకి 'స్టాప్' అని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజి పంపితే ఆగిపోతుంది. మళ్ళీ కావాలంటే 'స్టార్ట్' అని అదే నంబరుకి.