డిప్లొమా, డిగ్రీ: ఏది పెద్దది అన్నది తప్పు ప్రశ్న



మన సమావేశాల్లో విద్య గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర మొదలుపెట్టి ఐఐటీల దగ్గర ఆపేస్తాం. ఐటీఐ, పాలిటెక్నిక్‌ల ఊసే రాదు. "మావాడు పాలిటెక్నిక్‌లో చేరాడు" అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ కాస్త గొంతు తగ్గించి చెప్పే మాటే. అందుకే ఈ రోజు ఈ అంశం తీసుకున్నాను.

పదో తరగతి తర్వాత మూడేళ్లు చదివితే పాలిటెక్నిక్ డిప్లొమా. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు చదివితే బీటెక్. ఐటీఐ చాలా ట్రేడుల్లో ఏడాది లేదా రెండేళ్లు. పెద్ద చదువు ఉంటే చిన్న చదువు అందులోనే కలిసి ఉంటుందని మన నమ్మకం. సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. 2018లో జమ్మూ కాశ్మీర్ టెక్నీషియన్ పోస్టుల కేసులో, ఐటీఐ అడిగిన చోట ఇంజనీరింగ్ డిప్లొమా చూపిస్తే చెల్లదంది. 2023 ఆగస్టులో ప్రాథమిక పాఠశాల టీచర్లకు బి.ఎడ్. సరిపోదని, ఆ వయసు పిల్లలకు బోధించడానికి ఉద్దేశించిన డిప్లొమానే కావాలని చెప్పింది. ఎస్జీటీ పోస్టుల మీద ఆశ పెట్టుకున్న బి.ఎడ్. అభ్యర్థులకు అది పెద్ద దెబ్బే. కానీ అందులోని తర్కం చూడండి. ఆరేళ్ల పిల్లకు అక్షరాలు దిద్దించడానికి కావలసిన నేర్పు వేరు, పదో తరగతికి ఫిజిక్స్ చెప్పడానికి కావలసిన నేర్పు వేరు.

మరి తల్లిదండ్రులు డిగ్రీ వెంటే ఎందుకు పరుగెడుతున్నారు? వాళ్లేమీ అమాయకులు కారు. జీతం, హోదా, పెళ్లి సంబంధం అన్నీ డిగ్రీనే అడుగుతున్నాయి. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది, మంచిదే. కానీ పదేళ్లు ఫ్యాక్టరీలో మెషీన్లు నడిపిన అనుభవానికి అక్కడ విలువ సున్నా. గౌరవం కావాలంటే మళ్లీ క్లాసులో కూర్చోవాల్సిందే. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల పేదింటి పిల్లలు ఇంజనీరింగ్ గడప తొక్కారు. అది చిన్న విజయం కాదు. అయితే దాని వెంటే ల్యాబులు, లెక్చరర్లు సరిగా లేని కాలేజీలూ పుట్టుకొచ్చాయి. పట్టా చేతికొచ్చాక అమీర్‌పేటలో మళ్లీ ఫీజు కట్టి కోర్సు నేర్చుకున్న వాళ్లు మనకందరికీ తెలుసు.

ఇతర దేశాలు ఏం చేశాయి? జర్మనీలో అప్రెంటిస్‌గా జీతం తీసుకుంటూ పని నేర్చుకున్నవాడు, తర్వాత మాస్టర్ పరీక్ష పాసైతే దేశ అర్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో సమానంగా ఆరో మెట్టు మీద ఉంటాడు. అమెరికాలో పెన్సిల్వేనియా గవర్నర్ 2023లో తన మొదటి ఉత్తర్వుతోనే రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో 92 శాతానికి డిగ్రీ నిబంధన తీసేశారు. అంత దూరం ఎందుకు, మనకు బాగా తెలిసిన హెచ్-1బి నిబంధనల్లోనే మూడేళ్ల తగిన పని అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువుగా లెక్కకట్టే పద్ధతి ఉంది. మన వీసాకు పనికొచ్చిన లెక్క మన ఊరి ఫిట్టర్‌కు ఎందుకు పనికిరాదు?

ఇక్కడ ఒక హెచ్చరిక. మన పిల్లల్ని యూనివర్సిటీలకు పంపుతూ, ఊళ్లో పేద పిల్లలకు ఐటీఐ చాలని చెబితే అది మోసం. చేతిపని కొందరికి, చదువు కొందరికి అని పంచిపెట్టిన పాత కులధర్మమే కొత్త పేరుతో తిరిగొచ్చినట్టు. వృత్తి విద్య గొప్పదని ఉపన్యాసాలిచ్చే ముందు, అందులో చేరినవాడు పైకి ఎక్కడానికి నిచ్చెన వేయాలి.

అందుకే మూడు ప్రతిపాదనలు.

ఒకటి, 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానంలో పని అనుభవానికి కూడా క్రెడిట్లు ఇచ్చే వీలుంది. దాన్ని పాలిటెక్నిక్, బీటెక్ ప్రవేశాల్లో అమలు చేయమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుదాం.

రెండు, తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐల ఆధునికీకరణ మొదలుపెట్టింది. మెషీన్లు వస్తే చాలదు, నేర్పేవాళ్లు ఉండాలి. మీ నియోజకవర్గంలోని ఐటీఐలో ఎన్ని ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రాలోనూ ఇదే ప్రశ్న వేయండి. వచ్చిన జవాబు మీ ఎమ్మెల్యే ముందు పెట్టండి.

మూడు, మనం పంపే స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా ర్యాంకులు తెచ్చుకున్న వాళ్లకే పోతున్నాయి. ఈ ఏడాది అందులో సగం ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు కేటాయిద్దాం. మనలో ఇండియా ఆఫీసులకు మనుషుల్ని తీసుకునే వాళ్లున్నారు. వాళ్లు ప్రకటన రాసేటప్పుడు ఆ పనికి నిజంగా డిగ్రీ అవసరమా అని ఒక్కసారి ఆలోచించాలని నా మనవి.

వీటి మీద మీ అభిప్రాయాలు, అభ్యంతరాలు చెప్పండి. మూడో ప్రతిపాదన మీద ఇవాళే నిర్ణయం తీసుకుందాం.