శీతకాలమునందు పెరటికోళ్ల సంరక్షణము

(రైతుల సభయందు గావింపబడిన యుపన్యాసము)



మార్గశిర పుష్యమాసములు రైతునకు తీరిక లేని దినములు. ప్రత్తి తీయుట, జొన్నచేలకు కావలి, శనగచేల పని, ఇవి యన్నియు నొక్కమారే వచ్చిపడును. ఇట్టి సమయమున పెరటిలోని పది కోళ్లను గుఱించి యోచించుట కవకాశ మెక్కడిదని కొంద ఱనవచ్చును. కాని పిల్లలు తినెడు గ్రుడ్డును, సంతనాడు ఇల్లాలి చేతికి వచ్చెడు పైకమును ఈ కోళ్లవలననే కలుగుచున్నవి. భూమి గల రైతునకు ఇది స్వల్పమైన ఆదాయముగా తోచవచ్చును. ఇల్లాలి లెక్కలో స్వల్పము కాదు. ఏడాదియంతయు పెంచిన మంద పుష్యమాసమున పదిదినములలో సగమగుట పలు గ్రామములలో చూచుచున్న విషయమే. దీనికి చలియే కారణమని చెప్పి యూరకుందురు. చలి యొక కారణమే గాని ముఖ్యకారణము వేఱుగా నున్నది. దానిని తెలుపుటయే ఈ యుపన్యాసముయొక్క యుద్దేశ్యము.

ఈ ప్రాంతపు చలి

తెలంగాణమున చలి యన్నిచోట్ల నొక్కరీతిగా నుండదు. ఉత్తరముననున్న ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలోను, పడమట జహీరాబాదు, కోహీరు ప్రాంతములలోను చలి యధికము. ఈ తావులయందు కొన్ని రాత్రులు ఉష్ణము 10 డిగ్రీలకంటె తక్కువకు దిగుచుండును. కొన్ని సంవత్సరములలో 5 డిగ్రీల సమీపమునకును దిగును. అయినను మధ్యాహ్నమునకు ఎండ కాసి 28 డిగ్రీల వఱకు పెరుగుట గలదు. ఒక్క దినములోనే యింతటి భేద ముండుటచే పగటిపూట వెచ్చగా నున్నదని యేమఱిన రైతు రాత్రి నష్టపోవుచున్నాడు. తెల్లవాఱుజామున మంచు కురియుటయు, ఉత్తరమునుండి యీదురుగాలి వీచుటయు ఈ కాలపు లక్షణములు.

చలికంటె చెమ్మ చెడ్డది

కోడిశరీరముయొక్క వేడిమి సుమారు 41 డిగ్రీలు. మనుష్యుని శరీరము 37 డిగ్రీలు మాత్రమే గనుక కోడి మనకంటె వేడిగల జంతువని తెలియవలెను. అది తన ఈకలను ఉబ్బించి వానిమధ్య గాలిని నిలుపుకొనును. ఆ నిలిచిన గాలియే దానికి కంబళి. ఈకలు పొడిగా నున్నంతవఱకు ఎదిగిన నాటుకోడి మన ప్రాంతపు చలిని నిరాయాసముగా నోర్చుకొనగలదు. ఈకలు తడిసిన యెడల, లేక గాలి వానిని విడదీసిన యెడల, ఆ కంబళి పనికి రాకపోవును. కావున కోడికి శత్రువులు చెమ్మయు, ఈదురుగాలియు నని గ్రహింపవలెను.

ఒక గ్రామమున ఇరుగుపొరుగున రెండు గూళ్లు కలవనుకొందము. మొదటి రైతు చలికి వెఱచి, గూటి కన్నము లన్నిటిని మట్టితో మెత్తి, తలుపుసందులలో గోనెపట్టాలు కుక్కి, ఊపిరి సలుపనంత బిగుతుగా మూసెను. రెండవ రైతు ఉత్తరపువైపు మాత్రము మూసి, చూరుక్రింద జానెడు సందు విడిచెను. ఉదయమున చూడగా మొదటి గూడే వెచ్చగా నుండును. కాని కోడిరెట్టలో ముప్పాతికపాలు నీరే. దాని యూపిరిలోను నీటియావిరి కలదు. ఈ యావిరి బయటికి పోవుటకు మార్గము లేనందున గోడలకు పట్టి, చల్లని రేకుకప్పునకు తగిలి, నీటిబొట్లై కోళ్లమీదనే రాలును. రెట్టనుండి ఘాటైన అమ్మోనియా వాయువు పుట్టి కన్నులను, ఊపిరితిత్తులను చెఱచును. పది పదునైదు దినములలో కోళ్లు ముక్కునుండి నీరు కార్చుచు, తుమ్ముచు, మేత మానును. రెండవ రైతు గూడు కొంత చల్లగా నున్నను కోళ్లు పొడిగానుండి ఆరోగ్యముగా తిరుగుచుండును. మొదటి రైతు నష్టపోయినది అశ్రద్ధచే గాదు, అతిజాగ్రత్తచేత.

గూడు ఎట్లుండవలెను

గూటి వాకిలి దక్షిణముఖముగా నున్నచో శీతకాలపు ఎండ లోపలికి వచ్చును. ఉత్తరపు ఈశాన్యపు గోడలకు జొన్నచొప్ప తడికగాని, గోనెపట్టాగాని కోళ్లు కూర్చుండు ఎత్తువఱకు కట్టవలెను. చూరుక్రింద, కోళ్ల తలలకు పైగా, ఆఱంగుళముల సందు విడిచి, పిల్లియు ముంగిసయు దూరకుండ సన్నని తీగెవల కొట్టవలెను. ఇందుచేత చెడుగాలి పైనుండి పోవును, చలిగాలి కోడికి తగులదు. రేకుకప్పు గల గూటిపైన వరిగడ్డినిగాని, రెల్లునుగాని మందముగా పఱచి త్రాళ్లతో కట్టినచో లోపల నీరు పట్టుట తగ్గును.

గూడు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు రెండు సులభమైన పరీక్షలు గలవు. తెల్లవాఱకముందు తలుపు తీసి ముఖము లోపల బెట్టి చూడవలెను. కన్నులు మండినను, గోడ తడిగా నున్నను గాలిసందు చాలదని యర్థము. పిమ్మట కోళ్లు కూర్చుండు ఎత్తున ఒక దూదిపోగును వ్రేలాడదీసి చూడవలెను. అది యూగుచున్నచో ఈదురుగాలి తగులుచున్నదని తెలిసికొని ఆ వైపు తడిక సవరింపవలెను.

నేలపై వరిఊకనుగాని, పల్లిపొట్టునుగాని నాలుగంగుళముల మందమున పోసి, వారమునకు రెండుమాఱులు తిరుగవేయవలెను. తడిసి గడ్డకట్టిన భాగమును వెంటనే తీసివేయవలెను. తీసిన యెరువు పొలమునకు శ్రేష్ఠమైనదని రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక్కొక్క పెద్దకోడికి రెండు మొదలు రెండున్నర చదరపుటడుగుల చోటుండవలెను.

కూర్చుండు కఱ్ఱ సన్నని గుండ్రని వెదురుగా నుండక, రెండంగుళముల వెడల్పుగల బల్లకఱ్ఱగా నుండుట మేలు. అట్టి కఱ్ఱపై కూర్చున్న కోడి తన వ్రేళ్లను పొట్టక్రింది ఈకలతో కప్పుకొనగలదు.

మేతయు నీరును

చలిరాత్రి దీర్ఘమైనది. సాయంకాలము ఐదున్నరకు గూటికి చేరిన కోడి మఱునాడు ఉదయ మేడుగంటలవఱకు ఏమియు తినదు. ఆ వ్యవధిలో దాని శరీరపు వేడిమి కంతటికిని సాయంకాలపు మేతయే వంటచెఱకు. కావున పగలంతయు పెరటిలో ఏరుకొని తిన్నను, గూటికి చేరుటకు ముందు కోడికొక గుప్పెడు చొప్పున జొన్నలుగాని, నలుగగొట్టిన మొక్కజొన్నలుగాని వేయవలెను. చేతితో మెడక్రింది మేతసంచిని తడవి చూచినచో కడుపు నిండినదో లేదో తెలియును. ఖాళీకడుపుతో గూటికి చేరిన కోడికి ఎంత మంచి గూడైనను ప్రయోజనము లేదు.

మంచుతడి తగిలి బూజుపట్టిన గింజలను, పల్లిచెక్కను కోళ్లకు వేయుట మిక్కిలి ప్రమాదము. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో బూజుపట్టిన వేరుసెనగచెక్క తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినవి. ఆ బూజునందలి విషమునకు ఆఫ్లటాక్సిను అని పేరు పెట్టిరి. మనుష్యులకు పనికిరాని గింజ కోళ్లకు పనికివచ్చునను అభిప్రాయమును విడువవలెను.

ఉదయమున రాత్రినీటిని పాఱబోసి గోరువెచ్చని నీరు పెట్టవలెను. నీరు మిక్కిలి చల్లగా నున్నచో కోళ్లు తక్కువ త్రాగును. త్రాగుట తగ్గినచో మేతయు తగ్గును. పొలమునకు పోవు తొందరలో కొందఱు చీకటితోనే గూడు తెఱచుచున్నారు. అట్లు గాక ఎండ తగిలి గడ్డిపై మంచు ఆఱినపిమ్మట తెఱచుటకు ఇంటియందుండు పెద్దలలో నొకరికి ఆ పని నప్పగింపవలెను.

పుష్యమాసమున పెట్టలు గ్రుడ్లు తగ్గించుట చూచి రోగమని భ్రమింపరాదు. ఈ కాలమున పగలు సుమారు 11 గంటలే యుండును. పెట్ట చక్కగా గ్రుడ్లు పెట్టుటకు ఇంచుమించు 14 గంటల వెలుతురు కావలెను. ఎండకాలము సమీపించి పగలు పెరిగినకొలది గ్రుడ్లును పెరుగును.

పిల్లల పోషణము

పొదుగుపెట్టక్రింద ఈ కాలమున 8 లేక 10 గ్రుడ్లకు మించి యుంచరాదు. అంచుననున్న గ్రుడ్డు రెక్కక్రిందికి రాక చల్లబడి చెడును. 21 దినములకు పొదిగిన పిల్లలకు మొదటివారము సుమారు 35 డిగ్రీల వేడిమి యవసరము. పిమ్మట వారమున కించుమించు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. తల్లి యున్నచో ఈ పని యదియే చేయును. రాజేంద్రనగరమునందు వృద్ధిచేయబడిన వనరాజ, గ్రామప్రియ, రాజశ్రీ మొదలగు జాతుల పిల్లలను తల్లి లేకయే కొని తెచ్చుచున్నారు. అట్టివానిని ఐదాఱు వారములు వెచ్చగా పెంచినగాని పెరటిలో విడువరాదు.

కరెంటు గల ఇండ్లలో దీపపు వేడిమితో పెంచవచ్చును. దీపము గడ్డికిని గోనెకును తగులకుండ గట్టిగా కట్టవలెను. కరెంటు పోయిన రాత్రి మూత గట్టిగా నున్న మట్టికూజాలోగాని, ఇత్తడిచెంబులోగాని వేడినీరు పోసి, గోనెగుడ్డ చుట్టి గంపమధ్య నుంచినచో కొన్ని గంటలు వెచ్చదనము నిలుచును. వేడిమి సరిపోయినదో లేదో పిల్లలే తెలుపును. అవి ఒకదానిపై నొకటి పడి గుంపుగూడి కీచుమనుచున్నచో చలి. దూరముగా పోయి ముక్కులు తెఱచి రొప్పుచున్నచో వేడి యధికము. అంతటను సమముగా పరుండియున్నచో తగినట్లున్నది.

కుంపటివలని ప్రాణాపాయము

ఇప్పుడు చెప్పబోవు విషయమును రైతులు విశేషముగా గమనింపవలెను. చలిరాత్రులలో కోడిపిల్లల గంపను పడకగదిలోనికి తెచ్చి, ప్రక్కన బొగ్గులకుంపటి నుంచి, తలుపులు కిటికీలు మూసి, బిడ్డలతో కూడ నిద్రించు ఆచారము కొన్ని యిండ్లలో గలదు. ఇది కోళ్లకును మనుష్యులకును ప్రాణాంతకము. మూసిన గదిలో బొగ్గులు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగయు లేదు. అది రక్తములోని ప్రాణవాయువుయొక్క స్థానము నాక్రమించును. మేలుకొన్నవారికి తలనొప్పి, వాంతి, కాళ్లలో సత్తువ తగ్గుట కనిపించును. నిద్రించువారు మేలుకొనకయే పోవుదురు. నివురుగప్పిన నిప్పు ఆఱినట్లు కనబడును గాని ఈ విషమును విడుచుచునే యుండును.

చిన్నపక్షులు ఈ వాయువునకు మనుష్యులకంటె ముందుగా లోనగును. అందుచేతనే ఇంగ్లండు దేశపు బొగ్గుగనులలో 1986వ సంవత్సరమువఱకును పనివాండ్రు కెనరీ పక్షులను పంజరములలో లోనికి తీసికొనిపోవుచుండిరి. గంపలోని పిల్లలు కారణము లేక వ్రాలిపోవుచున్నచో చలియని తలచి నిప్పు నెక్కువ చేయుటకు మాఱుగా, ముందు తలుపులు తెఱచి, బిడ్డలను బయటికి తీసికొనిపోయి, కుంపటిని బయట పెట్టి, వైద్యుని పిలిపింపవలెను. నెగడు వాకిటనే వేసికొని కాచుకొనవలెను. పరుండుటకు ముందు నిప్పును గదినుండి పూర్తిగా తీసివేయవలెను. పిల్లల గంపను పడకగదిలోను వంటయింటిలోను ఉంచక, గాలి యాడెడు వసారాలో తడికచాటున నుంచుట క్షేమము.

వ్యాధులు

చలివలన నీరసించిన మందను వ్యాధి సులభముగా పట్టుకొనును. వానిలో కొక్కెరవ్యాధి మిక్కిలి చెడ్డది. పచ్చని పారుడు, రొప్పు, మెడ మెలితిరుగుట దాని గుఱుతులు. అది వచ్చినపిమ్మట మందు లేదు. రాకముందు టీకాయే రక్షణము. మొదటివారమున కంటిలోగాని ముక్కులోగాని చుక్కల టీకాయు, ఎనిమిది వారములు నిండినపిమ్మట సూదిటీకాయు పశువైద్యశాలయందు వేయింపవలెను. చలి ముదురకముందే, అనగా కార్తీకమాసములో, ఈ పని ముగించుట మంచిది. సంతనుండి తెచ్చిన కోడిని రెండు మూడు వారములు మందకు దూరముగా నుంచి చూడవలెను.

కోళ్లు ఒక్కసారిగా అనేకము చచ్చినయెడల వానిని కోసి తినుటగాని, సంతకు పంపుటగాని చేయరాదు. 2006వ సంవత్సరమున మహారాష్ట్రమందలి నవాపురమునందును, 2025వ సంవత్సరమున గోదావరి జిల్లాలయందును పక్షులకు సోకిన ఫ్లూ వ్యాధి శీతకాలపు చివరి దినములలోనే బయటపడినది. అట్టి సందేహము కలిగినప్పుడు చచ్చినవానిని వట్టిచేతులతో తాకక, బిడ్డలను దగ్గఱకు రానీయక, వెంటనే పశువైద్యునకు తెలియజేయవలెను.

ముఖ్యాంశములు

1. ఉత్తరపుగాలిని అడ్డగింపుము; చూరుక్రింది సందును మూయకుము.

2. గూటినేల ఎల్లప్పుడు పొడిగా నుండవలెను.

3. సాయంకాలము గింజలు వేయక కోళ్లను గూటికి పంపరాదు. బూజుపట్టిన గింజలు వేయనే రాదు.

4. పొదుగుపెట్టక్రింద గ్రుడ్లు 10కి మించరాదు. తల్లిలేని పిల్లలకు ఐదాఱు వారములు వెచ్చదన మీయవలెను.

5. మూసిన గదిలో కుంపటి ఎన్నటికిని ఉంచరాదు.

6. కొక్కెరవ్యాధి టీకాలను కార్తీకముననే వేయింపవలెను.

వీనిలో దేనికిని విశేషమైన ఖర్చు లేదు. గోనెపట్టాలు, చొప్ప, ఊక, బల్లకఱ్ఱ ప్రతి రైతుయింటను గలవు. ఈ విషయములను సభకు రాలేకపోయిన ఇరుగుపొరుగువారికిని, ముఖ్యముగా కోళ్లను చూచుకొను ఇంటి స్త్రీలకును చదివి వినిపింపవలెనని కోరడమైనది.