పరీక్ష గది ట్రేలో స్పెక్యులమ్



ఆడవాళ్ల వార్డులో పరీక్ష గదిలోకి అడుగుపెట్టగానే ట్రేలో పరిచిన స్టీలు సామాను చూసి గుండె దడదడలాడని వాళ్లు తక్కువ. అవి ఏమిటో, ఎందుకో ఎవరూ చెప్పకపోవడమే ఆ భయంలో సగమని నా నమ్మకం. అందుకే ఇవాళ ఆ ట్రేలోని ఒక పరికరాన్ని పరిచయం చేస్తాను. దాని పేరు స్పెక్యులమ్.

అది కోయదు, గీకదు. లోపలికి చూపు ఆనేలా చేస్తుంది, అంతే. యోని గోడలు మామూలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని కాస్త ఎడం చేస్తే తప్ప గర్భాశయ ముఖద్వారం కంటికి కనబడదు. కాపర్-టీ వేయాలన్నా, ప్యాప్ స్మియర్ తీయాలన్నా ముందు చేతిలోకి తీసుకునేది దీన్నే. ముఖద్వారాన్ని పట్టి ఉంచే వల్సెల్లమ్, గర్భసంచి లోతు కొలిచే సౌండ్, దారిని మెల్లగా వెడల్పు చేసే హీగార్ డైలేటర్లు, అన్నీ దీని తర్వాతే.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరాన్ని తవ్వినప్పుడు, మర తిప్పితే రెక్కలు విచ్చుకునే స్పెక్యులమ్ బయటపడింది. మన వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలోనూ ఇలా లోపలికి చూడటానికి యోనివ్రణేక్షణం అనే యంత్రం ఉంది.

ఇప్పుడు మన ఆసుపత్రుల్లో వాడే రకాల్లో ఒకదాని పేరు సిమ్స్. ఆ పేరు వెనక సంగతి దాటేయడానికి నాకు మనసొప్పదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్టణం. 1845 నుంచి 1849 దాకా జె. మారియన్ సిమ్స్ అనే డాక్టరు అక్కడ బానిస స్త్రీల మీద ఆపరేషన్లు చేశాడు. కాన్పు కష్టమై మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడి, మూత్రం ఆగకుండా కారిపోయే దురవస్థ వాళ్లది. చెంచా కాడను వంచి లోపలికి చూశాడాయన. ఈ రకం స్పెక్యులమ్ అలా పుట్టింది. మత్తు ఇవ్వలేదు. వద్దనే హక్కు ఆ స్త్రీలకు లేదు. వాళ్లలో ముగ్గురి పేర్లు చరిత్రలో మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. ఒక్క అనార్కాకే దాదాపు 30 సార్లు ఆపరేషన్ చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గరున్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తొలగించారు. డాక్టరు పేరు చెప్పే ప్రతి పాఠంలోనూ ఆ ముగ్గురి పేర్లూ చెప్పాలని నేను కోరుకుంటాను.

అదే పరికరం ఇవాళ బాలింతల ప్రాణం కాపాడుతోంది. మాయ పడిపోయి, గర్భసంచి గట్టిపడ్డాక కూడా రక్తం ఆగలేదంటే ఎక్కడో చిరిగిందని అనుమానం. అప్పుడు సిమ్స్ పెట్టి, స్పాంజ్ హోల్డర్లతో ముఖద్వారం అంచును ఒకచోట వదిలి పక్కచోట పట్టుకుంటూ చుట్టూ చూస్తారు. చిరుగు దొరికితే కుట్టు వేస్తారు.

రెండో రకం కస్కో. బాతు ముక్కులా రెండు రెక్కలు, పక్కన ఒక స్క్రూ. రెక్కలు మూసి లోపలికి పంపి, తర్వాత విప్పి, స్క్రూ బిగిస్తే అది అలాగే నిలబడుతుంది, డాక్టరుకు రెండు చేతులూ ఖాళీ. పనితనమంతా తీసేటప్పుడు తెలుస్తుంది. ముఖద్వారం రెక్కల మధ్య నుంచి తప్పుకున్నాకే వాటిని మూయాలి, తొందరపడి ముందే మూస్తే కండ నొక్కుకుని ప్రాణం విలవిల్లాడుతుంది. చల్లని స్టీలును గోరువెచ్చని నీళ్లలో తడిపి పెట్టే నర్సమ్మ చెయ్యి ఎంత ఊరటనిస్తుందో పరీక్ష చేయించుకున్నవాళ్లకు తెలుసు.

క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షలోనూ స్పెక్యులమ్ కావాలి. ముఖద్వారం కనబడ్డాక అసిటిక్ ఆమ్లం పలచని ద్రావణంలో ముంచిన దూదిని దానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. వంటింటి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అది. తేడా వచ్చిన చోటు తెల్లబడుతుంది. అలా తెల్లబడినంత మాత్రాన క్యాన్సరని కాదు, ఇంకా పరీక్షించాలని అర్థం. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌దే. ముందుగా పట్టుకుంటే పూర్తిగా నయం చేయవచ్చు.

30 నుంచి 65 ఏళ్ల లోపు స్త్రీలు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వ కార్యక్రమం చెబుతోంది. వెళ్లినప్పుడు చిన్న సైజుది పెట్టమని అడగండి. నొప్పి పుడితే ఆపమనండి. డాక్టరు మగవారైతే గదిలో ఒక ఆడమనిషి ఉండాలని చెప్పండి. పరికరం క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి తీసిందేనా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.