పాత కారు పెయింటు చెడకుండా సామాను విప్పడం
(అరకులోయలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ళ నొప్పుల మీద, డి.ఎ. బకాయిల మీద మాట్లాడేవారు మనలో చాలామంది వున్నారు గనుక, నన్ను కార్ల గురించి చెప్పమన్నారు. మన సభ్యుల ఇళ్ళల్లో కొన్నిచోట్ల పాత అంబాసిడరో, వేలంలో కొనుక్కున్న జీపో ఇంకా వుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఫ్యాక్టరీలో వేసిన రంగు పోతే మళ్ళీ రాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. అటువంటి బండ్లు కోరుకునేవారు ముందు చూసేది అసలు రంగే.

మరి బాగున్న బండిని విప్పడమెందుకు? మన వాతావరణం వల్ల. అనంతగిరి ఘాటులో మంచు, వాన తగిలిన బండికి క్రోమ్ పట్టీల వెనక, అద్దాల బీడింగు కింద తేమ నిలిచిపోతుంది. పైకి మెరుస్తూనే వుంటుంది, లోపల రేకును తుప్పు తినేస్తుంది. పట్టీలకు న్యూస్ పేపరు అంటించి చుట్టూ రంగు కొట్టే షెడ్లున్నాయి. అది తుప్పును దాచిపెట్టడమే.

విప్పేముందు బండిని బాగా కడగాలి. మన ఎర్రమట్టి దుమ్ము మీద గుడ్డ రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. సాయంత్రం మరలన్నిటికీ తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి, మర్నాటిదాకా వదిలెయ్యండి. చలికాలం తెల్లవారుజామున మాత్రం మొదలుపెట్టకండి. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, పాత పెయింటు పెళుసెక్కుతుంది. ఎండ ఎక్కి, రేకు గోరువెచ్చగా అయ్యాక పని సులువు.

పాత అంబాసిడర్‌కు, జీపుకు బోల్టులు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల స్పానరు పెడితే జారుతుంది. అది జారి పడేది పెయింటు మీదే. బంపరు విప్పేటప్పుడు ఇద్దరుండాలి. ఆఖరి బోల్టు వూడగానే ఒక కొస కిందకి వాలి, రెండో కొస మడ్‌గార్డును గీసేస్తుంది. ముందే పాత దుప్పటి అడ్డం కప్పండి.

పట్టీల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. చాలామంది స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తుతారు. దానితో పట్టీ వంగుతుంది, రేకు నొక్కుకుంటుంది, పెయింటు పెచ్చు లేస్తుంది. మన కొండల్లో వెదురుకు కొదవ లేదు గదా! వెదురు బద్దను పలచగా, నున్నగా చెక్కి, పట్టీకి ఇరువైపులా మాస్కింగ్ టేపు అంటించి, క్లిప్పు వున్నచోటే కొద్దికొద్దిగా ఎత్తండి. ఒకే చోట లాగవద్దు. టేపు కూడా ఎండలో రోజుల తరబడి వుంచితే రంగుతో సహా వస్తుంది. పని కాగానే వెనక్కి మడిచి మెల్లగా తీసెయ్యాలి.

బానెట్ మీది పేరు అక్షరాలకు లోపలినుంచి మరలున్నాయేమో ముందు చేత్తో తడిమి చూడండి. ఎవరైనా తర్వాత జిగురుతో అంటించి వుంటే, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబెట్టి, గేలం దారాన్ని వెనకనుంచి రంపంలా ఆడించండి. మిగిలిన జిగురుకు థిన్నర్ వాడితే పాత పెయింటు కరిగిపోతుంది. కిరసనాయిలు అద్దిన నూలుగుడ్డతో తుడిచి సబ్బునీళ్ళతో కడిగితే చాలు.

తలుపు పిడుల కింద, లైట్ల కింద రబ్బరు పెయింటుకు అతుక్కుపోయి వుంటుంది. లాగితే పెయింటు పెచ్చులుగా వస్తుంది. పాడైన రబ్బరును కోసేసి తీయండి, కొత్తది కొనుక్కోవచ్చు. ముందు అద్దం బీడింగుకూ అంతే.

ఊడిన మరలను వాటి రంధ్రాలలోనే తిరిగి పెట్టండి, మనుమల చేత ఫోనులో ఫోటోలు తీయించండి. నెల తర్వాత ఏ మర ఎక్కడిదో గుర్తుండే వయసు కాదు మనది. తుప్పు వున్నంత మేరే గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ పూసి, క్లిప్పులకు గ్రీజు రాసి బిగించండి.

మీలో ఎవరి బండికైనా అద్దం బీడింగు దగ్గర పెయింటు బుడగలు కనిపిస్తే, వచ్చే వానాకాలానికి ముందే ఈ పని పెట్టుకోండి.