మంచు మీద, చక్రాల మీద

బెంగుళూరు రైల్వే స్టేషన్లోనో మెజెస్టిక్ బస్టాండులోనో దిగి, పని మీద కాటన్‌పేటకు నడిచి వెళ్ళినవారు మీలో ఎందరో ఉంటారు. పగలు అక్కడ బండ్లు, మూటలు, తోపులాట. కరగ రాత్రి మాత్రం ఆ పేట కళే వేరు. ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరిన కరగ అక్కడి తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళుతుంది. మల్లెపూల కరగను తలకెత్తుకున్న మనిషి దాన్ని చేత్తో పట్టుకోడు. మెడ, నడుము, పాదం ఒక్క మాట మీద ఉండాలి. కోలారు, హోసకోటె వైపు వారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

కరగ భక్తికి సంబంధించింది, స్కేటింగు పోటీకి సంబంధించింది. రెంటినీ ఒకే గాటన కట్టను. కాని ఒంటిని నిలదొక్కుకోవడానికి పడే శ్రమ ఒకటే.

మంచు మీద ఆటగాణ్ణి మోసేది బూటు అడుగున నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న ఉక్కు పలక. దాని మధ్య సన్నని గాడి, ఇరువైపులా రెండు అంచులు. ఎప్పుడూ ఏదో ఒక అంచు మీద ఒరిగే సాగాలి. ఆక్సెల్ అనే గెంతు ఉంది. 1882లో నార్వే దేశస్థుడు ఆక్సెల్ పాల్సెన్ చేసి చూపాడు కనుక ఆ పేరు. ముందుకు చూస్తూ ఎగిరి, వెనక్కి తిరిగి దిగాలి. అందుకే అరచుట్టు ఎక్కువ. 2022లో అమెరికా కుర్రాడు ఇల్యా మాలినిన్ నాలుగున్నర చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాడు. పోటీలో అదే మొదటిసారి. గాలిలో ఉన్నది ఒక్క సెకను కూడా కాదు. దాని వెనుక ఎన్ని పడడాలున్నాయో మీరే ఊహించండి.

మనకు మంచేదీ అంటారా? సిమ్లా రింకు చలికాలంలోనే నడుస్తుంది. డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన రింకు ఏళ్ళ తరబడి మూతబడి, 2025లో మళ్ళీ తెరుచుకుంది. ఆ మధ్యకాలంలో ఎదిగిన పిల్లల సంగతి తలచుకుంటే నాకు బాధే.

మంచు లేకపోతే చక్రాలున్నాయి. హైదరాబాదు వాడు అనూప్ కుమార్ యామా చక్రాల బూట్లతోనే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కంచు పతకాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, ఒకటి అవనీ పాంచాల్‌తో జంటగా. ఆ క్రీడల్లో రోలర్ స్కేటింగులో భారతదేశానికి అవే తొలి పతకాలు. 2015లో అతనికి అర్జున అవార్డు వచ్చింది.

రేపు మీ అమ్మాయి స్కేట్లు కావాలని అడగవచ్చు. ఖర్చు తక్కువేం కాదు. ఎదిగే పాదానికి బూటు తొందరగా ఇరుకవుతుంది. పరీక్షల భయం సరేసరి. వెంటనే కాదనకండి. ముందు అద్దె బూట్లతో నాలుగు వారాలు పంపి చూడండి. హెల్మెట్, మోకాలి కవచాలు మాత్రం వదలవద్దు. గురువు మొదటి రోజు పరుగు నేర్పకపోతే విసుక్కోకండి. మోకాళ్ళు వంచి పక్కకు పడడం, పడ్డాక వెనుక వచ్చేవారి బూటు కింద పడకుండా వేళ్ళు ముడుచుకోవడం, లేచి నిలబడడం, ముందు నేర్పేవి ఇవే.