ఎర ధర చేపకు తెలుసా?



మన తుని పక్కనే తాండవ నది ఉంది. ఊళ్లలో చెరువులు ఉన్నాయి. మనవాళ్లు గాలం వేస్తారు. చేప పడితే ఆ పూటకి కూర దొరికినట్టే. ఇప్పుడు ప్లాస్టిక్ ఎరలు కూడా అమ్ముతున్నారు. రబ్బరు కప్పలు, రంగుల చేపలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కొన్నిటి ధర వింటే గుండె గుభేలుమంటుంది. మరి కొనాలా, వద్దా?

ముందు చేప తిండి తెలుసుకుందాం. కొర్రమేను కప్పల్ని, చిన్న చేపల్ని తింటుంది. కదిలేదాని మీద పడుతుంది. అందుకే రబ్బరు కప్పని చూసి మోసపోతుంది. శీలావతి అలా కాదు. నాచు, మొక్కలు తింటుంది. దానికి తవుడు ముద్ద చాలు. జెల్లకి వానపాము చాలు. ఇవి ఇంట్లో, పెరట్లో దొరికేవే.

ఒక లెక్క వేద్దాం. ఎర 300 రూపాయలు అనుకోండి. అది తుంగలో చిక్కి తెగిపోయింది. 300 నీళ్లపాలే! వానపాము పోతే ఏం పోయింది?

కొర్రమేను కోసం కొనాలంటే చవక కప్ప కొనండి. చేప చూసేది కదలికని, ధరని కాదు. కానీ దాని ముల్లు చూడండి. మెత్తటి ముల్లు పెద్ద చేపకి వంగిపోతుంది. అలాంటిదైతే ముల్లు మార్చండి. ముల్లు, దారం గట్టివి ఉండాలి. ఎర దగ్గర డబ్బు మిగల్చండి.

ఎరకోసం అప్పు చేయొద్దు. "ఎర కొంటాను, డబ్బులియ్యి" అని ఇంట్లో అడిగితే, "ఏ చేపకి?" అని అడగండి. జవాబు చెప్పాకే కొంగుముడి విప్పండి.