చిన్నవారి బేరం – పెద్దల బాధ్యత

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! వ్యాపారం పరస్పర అంగీకారంతోనే జరగాలని అల్లాహ్ అన్నిసా సూరాలో ఆదేశించాడు. అనాథ బాలలు యుక్తవయస్కులై, వారిలో వివేకం కనిపించిన పిమ్మటే వారి ఆస్తిని అప్పగించమని అదే సూరాలో సెలవిచ్చాడు. వివేకం లేని అంగీకారం సంపూర్ణమైన అంగీకారం కాదని మనం దీనినుండి గ్రహించాలి.

మన ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో తండ్రి పనికోసం దూరప్రాంతంలో ఉంటాడు. తల్లి పలాస జీడి కర్మాగారంలో పప్పు ఒలుస్తుంది. ఇంట్లో కిడ్నీ వ్యాధిగ్రస్తుని మందుల కోసం కొంత సొమ్ము దాచి ఉంటుంది. పన్నెండేళ్ల బాలుడు ఆ సొమ్ము తీసి, కాశీబుగ్గలోనో టెక్కలిలోనో సెల్‌ఫోన్ కొన్నాడనుకుందాం. మరునాడు తల్లి ఆ ఫోనుతో వస్తే, “అమ్మిన సరుకు వాపసు తీసుకోము” అన్న బోర్డు చూపితే సరిపోతుందా?

సరిపోదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం, ఊహ తెలిసిన బాలుని కొనుగోలు అతని సంరక్షకుని అనుమతిపై ఆధారపడి నిలుస్తుంది. అనుమతి లేకుంటే సరుకు అంగడికి, సొమ్ము ఇంటికి చేరాలి. దేశ చట్టమూ ఇదే దిశలో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత ఇవ్వలేదు. అటువంటి ఒప్పందం మొదటినుండే చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహొరీ బీబీ కేసులో తీర్పు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మైనరు తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవచ్చునన్నది. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1915.

అయితే తల్లిదండ్రులారా! ఈ హక్కును వంచనకు సాధనం చేసుకోకండి. బిస్కెట్ల కోసం మనమే పంపి, పిల్లలు తిన్నాక సొమ్ము అడగడం అన్యాయం. వస్తువు పాడైతే ఆ సంగతి దాచకుండా చెప్పి, నష్టాన్ని న్యాయంగా పరిష్కరించుకోండి. ఇంటి సొమ్ము కూడా ఒక అమానతేనని పిల్లలకు నేర్పండి.

వర్తక సోదరులారా! చిన్నవాడు పెద్ద నోట్లతో వస్తే, “ఇంట్లో పెద్దలెవరు?” అని అడగండి. కొన్నవాడు చింతించి తిరిగివస్తే బేరాన్ని రద్దుచేసిన వాని తప్పిదాలను అల్లాహ్ మన్నిస్తాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఒక ఫోను లాభం కంటే ఆ మన్నింపు మనకు ఎంతో గొప్పది.

అల్లాహ్ మన సంపాదనలను హలాల్‌గా, మన తక్కెడలను న్యాయంగా ఉంచుగాక! ఆమీన్.